ఇంట్లనే స్పేస్ సోల్జర్ సూట్ ఎట్ల చేయాలె: ఫోమ్ కొనేకాడి నుంచి తొడుక్కుని తిరిగేదాక

కాలేజీ యాన్యువల్ డే దగ్గరకొస్తే చాలు, సైన్స్ ఫిక్షన్ సినిమాల్ల ఉండే కవచం లాంటి సూట్ ఇంట్ల చేసుకోవచ్చా, ఏమేం కొనాలె, సామాను నల్లగొండల దొరుకుతదా లేకపోతే హైదరాబాద్ పోవాల్నా అని ఒకటే అడుగుతున్నరు. ఒక్కొక్కరికి విడిగ చెప్పే బదులు మొత్తం ఒక్కకాడ రాస్తున్న. చేసుకోవచ్చు, మంచిగ చేసుకోవచ్చు, మిషన్లు ఏం అక్కర్లేదు. కాకపోతే ఒక్క మాట ముందే చెప్తున్న, సూట్ పాడయ్యేది కలర్ కాడ కాదు, కొలత కాడ. కలర్ బాగలేకుంటే మళ్ల వేయొచ్చు, చెయ్యి లేవకుంటే, కూసుంటె మెడకు గుచ్చుకుంటుంటే ఆ సూట్‌తోని ఏం చేస్తరు? పైగా మన దిక్కు ఎండలు తెలుసు కదా, రెండు గంటలు తొడుక్కొని ఉండగలిగితేనే అది సూట్, లేకుంటే గోడకు తగిలించుకునే బొమ్మే.

ఇక్కడ చెప్పేది హెల్మెట్, ఛాతీ-వీపు, భుజాలు, ముంజేతులు, ఈ నాలుగు. కాళ్లకు కూడ ఇదే పద్ధతి. ఏ సినిమా క్యారెక్టర్ అనేది మీ ఇష్టం.

ఏమేం కావాలె

ఈవీఏ ఫోమ్ షీట్లు: ఇంట్ల వేసుకునే తేలిక చెప్పుల సోల్ ఉంటది కదా, ఆ జాతే. 10 ఎంఎం ఛాతీకి, హెల్మెట్‌కి. 5 లేదా 6 ఎంఎం ముంజేతులకు, భుజాలకు. 2 ఎంఎం పైన గీతలు, డిజైన్లు అతికించనీకి. 2 ఎంఎంది స్టేషనరీ షాపుల్ల క్రాఫ్ట్ ఫోమ్ అని దొరుకుతది. మందంది దొరక్కపోతే పిల్లలు ఆడుకునే, ఒకదాంట్ల ఒకటి ఇరికించే నేల మ్యాట్లు తీస్కోండి, అవి సాధారణంగ 10 ఎంఎం ఉంటయి, ఒక దిక్కు గరుకు డిజైన్ ఉంటది, ఆ దిక్కు లోపలికి పోయేటట్టు పెడితే అయిపాయె.

యోగా మ్యాట్ కొనేటప్పుడు జర జాగ్రత్త. అన్నీ ఈవీఏ కాదు, కొన్ని పీవీసీ, కొన్ని మెత్తటి రబ్బర్ లాంటిది, అవి వేడి చేసి వంచినా వంపు నిలబడదు. చూసుకునుడు ఎట్ల అంటే, మూలకు చిన్న ముక్క కోసి హెయిర్ డ్రైయర్‌తోని బాగ వేడి చేసి, వంచి, సల్లారేదాక అట్లనే పట్టుకోండి. వదిలినంక వంపు ఉంటే పనికొస్తది, మళ్ల చదునుగ అయితే అది యోగాకే ఉంచుకోండి.

గమ్: ఫెవికాల్ ఎస్ఆర్ 998 లాంటిది, పసుపు రంగుల ఉండేది, కార్పెంటర్లు సన్‌మైకాకు, సోఫాలోల్లు ఫోమ్‌కు, రెక్సిన్‌కు వాడేది. హార్డ్‌వేర్ షాపుల అడిగితే ఇస్తరు. తెల్ల ఫెవికాల్ కూడ చిన్న డబ్బా తెచ్చుకోండి, అది అతకనీకి కాదు, కలర్ ముందు పూతకు.

కటర్ బ్లేడ్, మస్తు స్పేర్ బ్లేడ్లు. ఇనుప స్కేల్, టైలర్ టేపు, మార్కర్, మాస్కింగ్ టేప్, వంటింట్ల వాడే క్లింగ్ ఫిల్మ్, పాత న్యూస్ పేపర్లు, అట్ట డబ్బాలు.

హీట్ గన్. ఎలక్ట్రీషియన్లకాడ గానీ కార్ల స్టిక్కర్ వర్క్ చేసేటోల్లకాడ గానీ ఉంటది, ఒక్కరోజు అడుక్కున్నా పని నడుస్తది. అసలే లేకుంటే 5 ఎంఎం షీట్ల వరకు హెయిర్ డ్రైయర్‌తోని వంపు తీయొచ్చు. ఇస్త్రీ పెట్టె కూడ పనికొస్తది, మధ్యల బటర్ పేపర్ పెట్టాలె. గ్యాస్ పొయ్యి మీద మాత్రం అస్సలు పెట్టొద్దు, ఫోమ్ అంటుకుంటది, కాలిన ఫోమ్ చర్మానికి పట్టుకుంటే ఊడదు.

ఎలాస్టిక్, వెల్క్రో, బ్యాగు క్లిప్పులు. వీటికి హైదరాబాద్ పోనక్కర్లేదు, ఏ ఊర్ల అయినా లేడీస్ మ్యాచింగ్ సెంటర్ల ఎలాస్టిక్, వెల్క్రో మీటర్ లెక్కన ఇస్తరు, క్లిప్పులు బ్యాగులు రిపేర్ చేసేటాయన కాడ ఉంటయి. ఎల్ఈడీలు, చిన్న ఫ్యాన్లు కావాలంటే మాత్రం ఊర్ల ఎలక్ట్రానిక్స్ షాపుల ముందు అడగండి, లేకుంటే కోఠి గుజరాతీ గల్లీ. హైదరాబాద్ పోతె ఒక్కసారే లిస్టు రాసుకొని పోండి, రెజిస్టర్ (ఎల్ఈడీకి పోయే కరెంట్‌ను తగ్గించే చిన్న ముక్క) మర్చిపోయి మళ్ల బస్సెక్కుడు ఎందుకు.

ధరలు రాస్తలేను, షాపుకో తీరు ఉన్నయి. కానీ డబ్బులు తక్కువుంటే ఫోమ్ కాడ, గమ్ కాడ తగ్గించొద్దు, కలర్ల కాడ, లైట్ల కాడ తగ్గించుకోండి.

1. ముందు పేపర్ సూట్ చేయండి

ఇది చాలామంది దాటేస్తరు, అందుకే ఫోమ్ దండగ అయితది. ఫోమ్ ముట్టుకోకముందే మొత్తం సూట్ పేపర్‌తోని, అట్టతోని చేసి తొడుక్కొని చూడాలె.

ప్యాటర్న్‌కి, అంటే ముక్కలు ఏ ఆకారంల కోయాల్నో చూపే కాగితానికి, రెండు దారులు. ఒకటి ఇంటర్నెట్‌ల దొరికే పీడీఎఫ్ ప్రింట్ తీసుకునుడు. ఇక్కడ ఒక్క తప్పు అందరు చేస్తరు, జిరాక్స్ సెంటర్ల ప్రింట్ ఇచ్చేటప్పుడు కంప్యూటర్ తనంతట తనే పేజీకి సరిపోయేటట్టు చిన్నగ చేస్తది. ప్రింట్ అసలు సైజు, 100 శాతం అని చెప్పి తీయించండి, ముందు ఒక్క పేజీ తీయించి, దాంట్ల ఉన్న కొలత గీతను అక్కడనే స్కేల్ పెట్టి చూడండి. 10 సెంటీమీటర్ల గీత 9.6 వస్తే అన్ని పేజీలు దండగే, హెల్మెట్ తలకు దిగదు.

రెండోది మన ఒంటి మీదనే ప్యాటర్న్ తీసుడు, నాకైతె ఇదే మంచిగ అనిపిస్తది ఎందుకంటే ఇంటర్నెట్ ప్యాటర్న్లు ఎవరో అమెరికా ఆయన కొలతలకు ఉంటయి. పాత టీషర్ట్ వేసుకొని ఛాతీకి, వీపుకు క్లింగ్ ఫిల్మ్ చుట్టి, దాని మీద మాస్కింగ్ టేప్ అడ్డం నిలువు రెండు వరసలు అతికించండి, తమ్ముడినో దోస్తునో పట్టుకోండి, సొంతంగ కాదు. దాని మీద మార్కర్‌తోని నడిమిట్ల నిలువు గీత, చంక గీత, మెడ గీత, నడుం గీత గీసి, తర్వాత కత్తెరతోని ఆ గీతల మీద కోసి తీయాలె. కత్తెర ఒంటి దిక్కు కాకుండ పైకి లేపి కోయాలె. ఒక్క సగమే తీస్తే చాలు, ఇంకో సగం దాన్నే తిప్పి గీసుకుంటరు, రెండు దిక్కులు సమానంగ వస్తయి.

తలకు కూడ ఇట్లనే, కానీ ముక్కు, నోరు, కండ్లు ఎప్పుడూ మూయొద్దు. నుదురు నుంచి మెడ దాక, చెవుల మీద నుంచే తీయండి, ముఖం భాగం అట్టతోని విడిగ కలుపుకోవాలె. పక్కన మనిషి లేకుండ తలకు క్లింగ్ ఫిల్మ్ చుట్టుకోవద్దు.

ఇప్పుడు అసలు లెక్క. ఒంటి కొలత, ఫోమ్ కొలత ఒకటి కాదు. 10 ఎంఎం ఫోమ్ ముంజేతికి చుడితే లోపలి చుట్టు కన్నా బయటి చుట్టు 6.3 సెంటీమీటర్లు ఎక్కువ వస్తది. అందుకే చేతి చుట్టుకొలత 28 ఉంటే 28కే ఫోమ్ కోస్తె అంచులు కలవనే కలవవు. 10 ఎంఎం ఫోమ్‌కి కనీసం 3 సెంటీమీటర్లు, 5 ఎంఎంకి 1.5 సెంటీమీటర్లు ఎక్కువ కోయాలె, ఇది ఒట్టి మందం కోసమే. లోపల బట్ట, గాలి ఆడుడు, చేయి దూరుడు, వీటికి ఇంకో 3 సెంటీమీటర్లు కలపండి.

చెక్ చేసుకునుడు: అట్ట సూట్ టేపుతోని అతికించి తొడుక్కొని కుర్చీల కూసోండి, లేవండి, రెండు చేతులు తల మీదికి ఎత్తండి, వంగి చెప్పులు ముట్టుకోండి, జేబుల నుంచి ఫోన్ తీయండి. కూసున్నప్పుడు ఛాతీ ముక్క గదుమకు తగులుతుంటే కింద అంచు 3-4 సెంటీమీటర్లు కోసేయండి, నిలబడ్డప్పుడు పొట్టిగ ఉన్నట్టు అనిపిస్తది గానీ నల్ల బట్ట లోపల ఉంటె ఎవ్వరికి తెల్వదు. చంకల కాడ కూడ ధైర్యంగ పెద్దగ కోయండి.

2. ఫోమ్ కోసుడు

ప్యాటర్న్ ఫోమ్ మీద పెట్టి గీయండి, ఏ ముక్క ఏ దిక్కుదో, ఏ అంచు ఏ అంచుకు కలుస్తదో చిన్న గీతలు పెట్టి నంబర్లు రాసుకోండి, రాసుకోకపోతే ఎడమ కుడి అన్నీ కలిసిపోతయి.

బ్లేడ్ నిట్టనిలువుగ పట్టి రెండు మూడు గీతల్ల కోయాలె, ఒక్క దెబ్బకే పోనీయొద్దు. ఫోమ్ చూడనీకి మెత్తగ ఉంటది గానీ బ్లేడ్‌ను తొందరగ మొద్దు చేస్తది. అంచు పిప్పి పిప్పిగ చిరిగినట్టు వస్తుందంటే మీ చెయ్యి తప్పు కాదు, బ్లేడ్ ముక్క విరగ్గొట్టి కొత్తది తీయండి. మూలలు తిరగాల్సిన కాడ 45 డిగ్రీల వాలుగ కోస్తె రెండు ముక్కలు బాక్స్ లెక్క కలుస్తయి.

వేళ్లు బ్లేడ్ పోయే దారిల పెట్టొద్దు. కింద అట్ట లేదా పాత ప్లై ముక్క ఉండాలె, అమ్మ కొత్త బండల మీద కోయకండి.

3. వేడి చేసుడు, వంపు తీసుడు

హీట్ గన్‌ను నాలుగు వేళ్ల దూరంల పట్టి, ఒక్కకాడ ఆపకుండ అటు ఇటు తిప్పుతుండాలె. కొద్దిసేపటికి ఫోమ్ పైభాగం సన్నగ మెరుస్తది, చిన్న చిన్న రంధ్రాలు మూసుకుంటయి. అది కనిపించాలె, రెండు దిక్కులు. ఈ పని చేయకుంటే కలర్ మొత్తం ఫోమ్ తాగుతది, ఎన్ని కోట్లు వేసినా మచ్చలే.

మెరుపు వచ్చినంక వేడిగ ఉన్నప్పుడే ముంజేతి ముక్కను స్టీల్ బిందెకో, పెద్ద వాటర్ బాటిల్‌కో చుట్టి పట్టుకోండి, భుజం ముక్కకు మోకాలు మీద పెట్టి అరచేతితోని నొక్కండి, ప్యాంటు మందంది ఉండాలె. సల్లారేదాక పట్టుకోవాలె, అరనిమిషం ఎక్కువే పట్టుకున్నా నష్టం లేదు. వంపు కొంచెం ఎక్కువ తీయండి, వదిలినంక కొద్దిగ విచ్చుకుంటది.

పొగ వచ్చిందంటే కాలుతుందన్నట్టు, వెంటనే గన్ తీసేయండి. ఈ పని దాబా మీదనో వాకిట్లనో చేయాలె, తలుపులు మూసిన రూముల కాదు.

గన్, ఎస్ఆర్ గమ్ రెండు ఒక్కకాడ వద్దు. ఆ గమ్ ఆవిరికి మంట అంటుకుంటది. గమ్ డబ్బా మూత తీసి ఉన్నప్పుడు పక్కల హీట్ గన్, అగర్‌బత్తి, పొయ్యి, సిగరెట్ ఏదీ ఉండొద్దు. స్కూల్ పిల్లలైతె ఈ రెండు పనులకు పెద్దోల్లు కూసోవాలె.

4. అతికించుడు

రెండు అంచులకు సన్నగ రాసి, 10 నుంచి 15 నిమిషాలు ఆరనీయాలె. వేలు పెడితే జిగురు వేలికి అంటొద్దు, అప్పుడే కలపాలె. ఎండకాలం ఇంకా తొందరగ ఆరుతది, వానకాలం లేట్ అయితది, గడియారం కన్నా వేలునే నమ్మండి. తడి తడిగ ఉన్నప్పుడే కలిపి, ఎందుకు ఊడుతుందని తల పట్టుకునేటోల్లు ఎక్కువ, గమ్ నకిలీది అనుకుంటరు, నకిలీది కాదు, ఆగలేదు అంతే.

ఒక్కసారి తగిలితే ఇగ జరపనీకి రాదు. అందుకే ఒక చివర నుంచి మొదలుపెట్టి, వేసుకున్న నంబర్ గీతలు చూసుకుంట ఇంచు ఇంచు కలుపుకుంట పోవాలె, తర్వాత గట్టిగ వత్తాలె.

హాట్ గ్లూ గన్ వాడొచ్చా అని అడుగుతున్నరు. చిన్న డిజైన్ ముక్కలకు సరే. మెయిన్ అతుకులకు వద్దు, ఏప్రిల్, మే నెలల్ల కారు డిక్కీల పెట్టి మిర్యాలగూడ పోయొచ్చేసరికి మెత్తబడి అతుకులు విచ్చుకుంటయి.

థర్మకోల్‌తోని చేద్దామనుకునేటోల్లకు: ఎస్ఆర్ గమ్, స్ప్రే పెయింట్ రెండూ థర్మకోల్‌ను తినేస్తయి, గుంతలు పడ్తయి. థర్మకోలే కావాలంటే తెల్ల ఫెవికాల్‌తోని న్యూస్ పేపర్ ముక్కలు రెండు మూడు వరసలు అతికించి పూర్తిగ ఆరినంక కలర్ వేయాలె.

అతుకు చెక్ చేసుకునుడు: మరుసటి రోజు రెండు చేతులతోని అతుకును మెల్లగ వంచి చూడండి. వెలుగు కనిపిస్తే మళ్ల రాసి వత్తాలె. చిన్న సందులకు అక్రిలిక్ సీలెంట్ తడి వేలితోని రుద్దండి. వాల్ పుట్టి, ఎం-సీల్ వద్దు, ఫోమ్ వంగుతది గానీ అవి వంగవు, రెండు అడుగులు వేసేసరికి పగిలి రాలుతయి.

5. హెల్మెట్ సంగతి

హెల్మెట్ చివర్ల చేయండి. అందరు ఉత్సాహంతోని దాంతోనే మొదలుపెడ్తరు, కానీ అన్నిట్ల కష్టమైంది అదే, ముంజేతులు చేసేసరికి చెయ్యి తిరుగుతది, అప్పుడు పట్టుకోండి.

తల చుట్టుకొలత నుదురు మీద నుంచి తీస్కోండి, దాంతోపాటు గదుమ నుంచి నడినెత్తి దాక కూడ కొలవండి, ఎందుకంటే దిగేటప్పుడు ఇరుక్కునేది అక్కడనే. కళ్లద్దాలు ఉన్నోల్లు పెట్టుకొనే కొలవాలె. అయినా ఇరుకైతె వెనక భాగం నిలువుగ కోసి వెల్క్రోతోని తెరిచి మూసేటట్టు చేయండి.

బైక్ హెల్మెట్ మీదనే కట్టొచ్చా అంటే, పాతది, ఇగ రోడ్డు మీద వాడం అనుకున్నది అయితేనే. స్ప్రే పెయింట్, గమ్ దాని పైపెంకును బలహీనం చేస్తయి, మళ్ల అదే పెట్టుకొని హైవే మీదికి పోవద్దు.

వైజర్‌కి, అంటే కండ్ల ముందటి అద్దానికి, బైక్ హెల్మెట్ టింటెడ్ గ్లాస్ కోసి పెట్టొచ్చు, లేదంటే మందమైన పారదర్శక ప్లాస్టిక్ షీట్ మీద కారు అద్దాల ఫిల్మ్ అతికించుకోవచ్చు. లోపల ఆవిరి పడ్తది, దానికి గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క లోపలి దిక్కు రాసి పొడి బట్టతోని తుడిచేయండి, కొద్దిసేపు ఆగుతది. అసలు మందు గాలి. నోటి కాడ, చెవుల వెనక రంధ్రాలు ఉండాలె, బయటికి కనిపించకుండ నల్ల జాలీ బట్ట అతికించండి. 5 వోల్టుల చిన్న ఫ్యాన్ ఒకటి నెత్తి దిక్కు పెట్టి పవర్ బ్యాంక్‌కి కలిపితే ప్రాణం లేచొస్తది, లైట్ల కన్నా ముందు ఫ్యాన్‌కి డబ్బులు పెట్టండి.

చెక్: హెల్మెట్ పెట్టుకొని ఇంట్ల మెట్లు ఎక్కి దిగండి, పక్కన మనిషిని పెట్టుకొని. మెట్టు కనిపించకుంటే కంటి కాడ కింది అంచు ఇంకా కోయాలె. సహాయం లేకుండ, ఒక్క చేత్తోని, తొందరగ తీసేయనీకి రావాలె. రాకుంటే ఆ హెల్మెట్ పూర్తి కానట్టే.

6. పూత, కలర్

తెల్ల ఫెవికాల్, నీళ్లు సగం సగం కలిపి బ్రష్‌తోని సన్నగ 3 నుంచి 5 కోట్లు. ఒక్కోటి పూర్తిగ ఆరి తెలుపు పోయి పారదర్శకంగ అయినంకనే ఇంకోటి. దగ్గర నుంచి చూసి ఎక్కడన్న చుక్కలు, కారిన గీతలు ఉంటే సన్న ఇసుక కాగితంతోని రుద్దండి. ఇది నీళ్లకు మెత్తబడ్తది, అందుకే పైన కలర్ పూర్తిగ కప్పాలె, లోపలి దిక్కు చెమట తగిలేకాడ ఈ పూత వేయొద్దు.

కలర్‌కి స్ప్రే డబ్బా అయితె జానెడు దూరం కన్నా ఎక్కువ నుంచి, సన్న కోట్లు. ఒక్కసారే కప్పేయాలని చూస్తె కారుతది. డబ్బాలు దండిగ అయితయి అనుకుంటే గోడలకు వేసే బయటి ఎమల్షన్ బ్రష్‌తోని వేయండి, అది కొంచెం వంగుతది కూడ. తలుపులకు వేసే ఆయిల్ పెయింట్ వద్దు, ఆరనీకి టైమ్ పడ్తది, వంగినకాడల్లా పగుళ్లు.

కొత్త కలర్ మీద అట్లనే పోతె ఆటబొమ్మ లెక్క కనిపిస్తది. నల్ల అక్రిలిక్ పలుచగ కలిపి మూలలల్ల రాసి వెంటనే పాత బట్టతోని తుడవండి, గీతలల్ల మట్టి పట్టినట్టు నిలుస్తది. అంచుల మీద స్పంజికి సిల్వర్ కొద్దిగ అద్ది, పేపర్ మీద తుడిచి, మెల్లగ తట్టండి, కలర్ పోయి లోపల ఇనుము కనిపించినట్టు వస్తది. మన నల్లగొండ దిక్కు దుమ్ము రంగు, ఎర్రమట్టి రంగు కొంచెం కాళ్ల కాడ పడితే ఇంకా నమ్మబుద్ధి అయితది. ఇది చేసేటప్పుడు రెండడుగుల నుంచి కాదు, గది అవతల నుంచి ఫోన్‌ల ఫొటో తీసి చూసుకోండి, ఫొటోల తప్పులు తొందరగ దొరుకుతయి.

7. లైట్లు

వద్దనుకుంటే ఇది దాటేయండి. సులువైన దారి 5 వోల్టుల యూఎస్‌బీ స్ట్రిప్, పవర్ బ్యాంక్, అంతే. ఒకటి రెండు ఎల్ఈడీలే పెడితే కొన్ని పవర్ బ్యాంకులు కరెంట్ తక్కువ లాగుతుందని వాటంతట అవే బంద్ అయితయి, ఫ్యాన్ కూడ దానికే కలిపి చూడండి.

9 వోల్టుల బ్యాటరీకి తెల్ల లేదా నీలం ఎల్ఈడీ కలిపితే మధ్యల 330 ఓమ్ రెజిస్టర్ పెట్టాలె, ఎరుపుకు 390 లేదా 470. పెట్టకుంటే ఎల్ఈడీ కాలిపోతది. పొడుగు కాలు ప్లస్. అతుకులకు ఇన్సులేషన్ టేప్ తప్పనిసరి, చెమట తగుల్తది కదా. బ్యాటరీ గానీ పవర్ బ్యాంక్ గానీ హెల్మెట్‌ల పెట్టొద్దు, నడుముకు బెల్ట్ పర్సుల పెట్టి వైరు పైకి తీయండి.

8. ఒంటికి కట్టుకునుడు

లోపల నల్లటి ఫుల్ హ్యాండ్స్ టీషర్ట్, ట్రాక్ ప్యాంట్, పలుచటివి. ఛాతీ, వీపు ముక్కలు భుజాల మీద ఎలాస్టిక్‌తోని, పక్కల క్లిప్పులతోని. భుజం ముక్క ఛాతీ ముక్కకే వేలాడాలె, చేతికి బిగించొద్దు, చెయ్యి లేపినప్పుడు దానంతట అది జరగాలె. ఎలాస్టిక్‌ను ఫోమ్‌కు ఒట్టిగ అతికిస్తె ఊడుతది, 5 సెంటీమీటర్ల ఫోమ్ ముక్క పైన పెట్టి రెండు దిక్కులు గమ్‌తోని మూసేయాలె.

వేసుకొని ఇంట్లనే అరగంట తిరగండి. ఎక్కడ ఒరుసుకుంటుందో చర్మం మీద ఎర్రగ తెలుస్తది, అక్కడ లోపల పాత బనీను బట్ట అతికించండి. బాత్రూమ్ పోవాలంటె ఏమేం విప్పాలె, ఎంతసేపు పడ్తది అదికూడ చూసుకోవాలె, ఎవరూ చెప్పరు గానీ అసలు ఇబ్బంది అక్కడనే.

బయటికి తీస్కపోయేటప్పుడు

హైదరాబాద్ హైటెక్స్‌ల కామిక్ కాన్‌కి (కామిక్స్, సినిమా క్యారెక్టర్ల వేషాలేసుకొని వచ్చే పండుగ) పోయేటోల్లు సూట్ వేసుకొని బస్సెక్కొద్దు, పెద్ద సంచిల వేసుకపోయి అక్కడ వేసుకోండి. సూట్‌తోని పట్టుకునే ఉత్తుత్తి తుపాకి ఉంటే దానికి మెరిసే నారింజ రంగు కొన పెట్టి, గుడ్డల చుట్టి సంచిల పెట్టాలె, బస్టాండ్‌ల చేతిల పట్టుకొని తిరగొద్దు. ఫొటోషూట్‌కి అంత దూరం పోనక్కర్లేదు, రాచకొండ గుట్టలు, దేవరకొండ ఖిల్లా దిక్కు రాళ్లు చూస్తె వేరే గ్రహం మీద ఉన్నట్టే ఉంటది, పాలమూరోల్లకు ఊరి చుట్టూ గుట్టలే. పొద్దుగాల పొద్దు పొడిచిన గంటల లేదంటే సాయంత్రం పోండి, మధ్యాహ్నం వద్దే వద్దు.

20 నిమిషాలకు ఒకసారి హెల్మెట్ తీసి నీళ్లు, మజ్జిగ ఏదన్న తాగాలె. తల తిరిగినట్టు, వాంతి వచ్చినట్టు అనిపిస్తే ఫొటోలు పక్కకు పెట్టి సూట్ మొత్తం విప్పి నీడకు పోవాలె. వెంట ఒక దోస్త్ ఉండాలె, ఆయన చేతిల ఎస్ఆర్ గమ్ చిన్న డబ్బా, కత్తెర, ఎలాస్టిక్ మీటర్, పిన్నీసులు, మాస్కింగ్ టేప్ ఉన్న సంచి ఉండాలె. ఇంటికొచ్చినంక లోపలి దిక్కు తడి బట్టతోని తుడిచి నీడకు ఆరబెట్టి, ముక్కల మీద ముక్కలు పెట్టకుండ విడివిడిగ పెట్టండి, ముంజేతుల లోపల న్యూస్ పేపర్ ఉండలు పెడితే వంపు పోదు.